స్కిట్ మధ్యలోకి దూకిన స్పైడర్‌మ్యాన్

1978 అక్టోబర్ నెల వేసుకుని మార్కెట్లోకి వచ్చిన ‘మార్వెల్ టీమ్-అప్’ 74వ సంచిక ధర 35 సెంట్లు. ఆ కామిక్ పత్రిక పద్ధతే మల్టీస్టారర్. స్పైడర్‌మ్యాన్ దాదాపు ఖాయం, పక్కన మాత్రం ప్రతి నెలా వేరే హీరో. 1972లో హ్యూమన్ టార్చ్‌తో మొదలైన ఈ వరస మార్వెల్ హీరోలందర్నీ చుట్టేసి, 74వ సంచికకు వచ్చేసరికి ఎవరూ ఊహించని చోట ఆగింది. ఈసారి స్పైడర్‌మ్యాన్ పక్కన నిలబడింది అతీత శక్తులున్నవాళ్లు కాదు. ఎన్‌బీసీ ఛానల్‌లో శనివారం రాత్రి పదకొండున్నరకి వచ్చే ‘సాటర్డే నైట్ లైవ్’ అనే కామెడీ షో నటులు.

అప్పటి బృందంలో ఏడుగురు: జాన్ బెలూషి, డాన్ ఐక్రాయిడ్, గిల్డా రాడ్నర్, జేన్ కర్టిన్, లరేన్ న్యూమన్, గారెట్ మోరిస్, బిల్ మరే. కథ క్లుప్తంగా ఇదీ. పీటర్ పార్కర్ తన స్నేహితురాలు మేరీ జేన్‌ని తీసుకుని షో చూడ్డానికి వెళ్తాడు. ఆ రాత్రి హోస్ట్ స్వయానా స్పైడర్‌మ్యాన్ సృష్టికర్తల్లో ఒకడైన స్టాన్ లీ, పాటగాడు మార్వెల్ కథల్లోని రిక్ జోన్స్. మనుషుల్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మాయం చేసి పంపగల ఉంగరం ఒకటి పొరపాటున బెలూషి చేతికొస్తుంది. సరదాగా వేలికి పెట్టుకుంటాడు, ఇక రాదు. దాని కోసం సిల్వర్ సమురాయ్ అనే విలన్ తన మనుషులతో స్టూడియోలోకి దిగుతాడు. బయట షో నడుస్తూనే ఉంటుంది, లోపల ఫైట్ నడుస్తూ ఉంటుంది.

వింటే పిల్లల కథలా ఉంది. పిల్లల కథే. కానీ ఇలాంటి కలయికలు అంతకుముందూ జరిగాయి, ఆ తర్వాతా జరిగాయి. వాటిలో చాలావాటికంటే ఇది మెరుగ్గా కుదిరింది. షోలోని జోకులకోసం ఎగబడకుండా ఆ షో ఎలా పనిచేస్తుందో దాన్ని పట్టుకున్నారు. తేడా అంతా అక్కడే ఉంది.

‘సాటర్డే నైట్ లైవ్’ 1975 అక్టోబర్ 11న మొదలైంది. మొదట్లో ఆ పేరు కూడా దానిది కాదు. ఏబీసీ ఛానల్‌లో హోవర్డ్ కోసెల్ అనే స్పోర్ట్స్ వ్యాఖ్యాత నడిపే షోకి అప్పటికే ఆ పేరుంది, ఆ షో హాస్యనటులకి ‘ప్రైమ్ టైమ్ ప్లేయర్స్’ అని బిరుదు కూడా ఉంది. దాన్ని వెక్కిరిస్తూ ఎన్‌బీసీ వాళ్లు తమ నటులకి ‘నాట్ రెడీ ఫర్ ప్రైమ్ టైమ్ ప్లేయర్స్’ అని పెట్టుకున్నారు, అంటే ఇంకా పెద్ద టైముకి పనికిరానివాళ్లమని చెప్పుకోవడం. కోసెల్ షో త్వరగానే మూతపడింది, 1977లో ఆ పేరు కూడా ఎన్‌బీసీకే వచ్చింది. ఇంకో తమాషా ఏమిటంటే, కోసెల్ దగ్గర పనిచేసిన బిల్ మరే అదే ఏడాది మొదట్లో ఈ వెక్కిరించిన బృందంలోకే వచ్చి చేరాడు. కామిక్ మీద స్పైడర్‌మ్యాన్ పేరు పక్కన కనిపించేది ఈ బిరుదే. చదవడానికి అదీ ఒక సూపర్‌హీరోల జట్టు పేరులాగే ఉంటుంది.

షో పేరులో ఉన్న ‘లైవ్’ అనే మాటే కథకి ఇంజిన్. న్యూయార్క్‌లో రాక్‌ఫెల్లర్ ప్లాజా 30వ నంబర్ భవనంలోని 8హెచ్ స్టూడియో నుంచి షో నేరుగా ప్రసారమవుతుంది. నటుడు డైలాగు మర్చిపోయినా, సెట్టు కూలినా, ఎవరికైనా దెబ్బ తగిలినా ఆపడానికి లేదు. మామూలు సూపర్‌హీరో కథలో ఫైట్ మొదలవగానే జనం అరుచుకుంటూ పరిగెత్తుతారు, వీధి ఖాళీ అవుతుంది, హీరో విలన్ మిగులుతారు. ఇక్కడ జనం కదలరు. వాళ్లు వచ్చిందే వింత వేషాలు చూడ్డానికి. వెండి కవచంలో ఒకడు కత్తి దూసి స్టేజి మీదికి వస్తే, అది స్కిట్ అనుకుని చప్పట్లు కొడతారు. ప్రేక్షకుల్లో ఎవరికీ తెలియకుండా విలన్‌ని ఆపాలి, పైగా షో చెడకూడదు. స్పైడర్‌మ్యాన్‌కి బలంతో తీరని సమస్య ఎదురవడం అరుదు, ఇది అలాంటిదే.

మంచి కామెడీలో ఉండే సూత్రం కూడా ఇదే కదా. స్టేజి వెనక కొంప మునుగుతుంటే ముందు మాత్రం అంతా సవ్యంగా ఉన్నట్టు నటించాలి. రచయిత ఆ ఏడుగురి నోట ఎంత బాగా జోకులు పలికించాడన్నది తర్వాతి సంగతి. ఈ అమరిక దొరికాక సగం నవ్వు దానంతట అదే వస్తుంది.

విలన్ ఎంపిక మాత్రం ఉత్త జోకే, కాకపోతే కచ్చితమైన జోకు. సిల్వర్ సమురాయ్‌ని 1974లో ‘డేర్‌డెవిల్’ 111వ సంచికలో స్టీవ్ గెర్బర్, బాబ్ బ్రౌన్ సృష్టించారు. సీరియస్ పాత్ర, తన శక్తినంతా కత్తిలోకి పంపి అడ్డొచ్చింది ఏదైనా కోసేస్తాడు. అటువైపు బెలూషి దగ్గర టీవీలో బాగా పేలిన సమురాయ్ వేషం ఒకటుంది. జపాన్ నటుడు తొషిరో మిఫునేని అనుకరిస్తూ 1975 డిసెంబర్‌లో, రిచర్డ్ ప్రయర్ హోస్ట్‌గా వచ్చిన రాత్రి మొదలుపెట్టాడు. ఆ సమురాయ్ హోటల్లో పనిచేస్తాడు, మరోసారి శాండ్‌విచ్‌ల కొట్లో ఉంటాడు, ఇంకోసారి షేర్ల బ్రోకర్. మాట్లాడేది జపనీస్ కాదు, అలా వినిపించే గొణుగుడు. ఏ చిన్న పనికైనా కత్తి తీస్తాడు. ఇవాళ చూస్తే ఒక దేశం మనుషుల్ని యాసతో, వేషంతో ఎగతాళి చేసినట్టే అనిపిస్తుంది, ఆ అభ్యంతరంలో న్యాయముంది. అప్పటి ప్రేక్షకులు మాత్రం కోపాన్ని తప్ప మరో భావాన్ని ఎరగని మనిషి ఉప్మాలాంటి మామూలు పనులు ఎలా చేస్తాడా అని నవ్వారు.

ఆ కత్తి ఉత్త అట్టముక్క కాదని 1976 అక్టోబర్ 30న అందరికీ తెలిసింది. హోస్ట్ బక్ హెన్రీ, స్కిట్‌లో సమురాయ్ షేర్ బ్రోకర్. బెలూషి తిప్పిన కత్తి హెన్రీ నుదుటికి తగిలి చీరుకుపోయింది. లైవ్ కాబట్టి స్కిట్ ఆపలేదు. హెన్రీ నుదుటికి పట్టీ వేయించుకుని మిగతా షో నడిపాడు, అది చూసి తోటి నటులు కూడా తలో పట్టీ అంటించుకుని వచ్చారు. జరిగిన ప్రమాదం అరగంటలో జోకైపోయింది. రెండేళ్ల తర్వాత కామిక్‌లో బెలూషి అదే వేషంలో అసలు సమురాయ్‌కి ఎదురుగా నిలబడి కత్తి తిప్పినప్పుడు, ఆ షో చూసే పాఠకుడికి ఈ రాత్రి గుర్తుకు రాకుండా ఉండదు. వేషగాడి కత్తి, విలన్ కత్తి రెండూ ప్రమాదకరమైనవే. ఈ సంచికలో అన్నిటికంటే బాగా పండింది ఆ కొన్ని బొమ్మలే.

కుదరడం వెనక మనుషులు కూడా ఉన్నారు. రాసింది క్రిస్ క్లేర్‌మాంట్, అదే రోజుల్లో జాన్ బర్న్‌తో కలిసి ‘ఎక్స్-మెన్’ని అందలం ఎక్కిస్తున్న రచయిత. కాలేజీలో నటన కూడా చదువుకున్నాడు. పెన్సిల్ బొమ్మలు వేసిన బాబ్ హాల్‌కి నాటకరంగం రెండో ఇల్లు. డ్రాక్యులా మీద ఆయన మరొకరితో కలిసి రాసిన నాటకం సరిగ్గా ఆ ఏడాదే న్యూయార్క్‌లో ఆడుతోంది. తెర వెనక తాళ్లు ఎలా వేలాడతాయో, మేకప్ గదిలో ఎంత ఇరుకో, ఎవరు ఎటు నుంచి ఎటు పరిగెత్తుతారో తెలిసిన చెయ్యి అది. ఇంకు వేసిన మేరీ సెవెరిన్ గురించి వేరే చెప్పాలి. 1960ల చివర్లో మార్వెల్ తన హీరోల్నే తానే వెక్కిరించుకుంటూ వేసిన ‘నాట్ బ్రాండ్ ఎక్’ పత్రికలో ఆవిడ చేసిన పని కామిక్ అభిమానులకి బాగా తెలుసు. క్యారికేచర్‌లో ఆవిడది ఆరితేరిన చెయ్యి. దేశమంతా వారం వారం చూసే ఏడు ముఖాల్ని పోలిక చెడకుండా, అలాగని ఫొటో చూసి దించినట్టూ లేకుండా గీయాలంటే అలాంటి చెయ్యే కావాలి. పోలిక తప్పితే పాఠకుడు ‘ఇదెవరు?’ అని ఆగుతాడు, మరీ ఫొటోలా ఉంటే పక్కనున్న స్పైడర్‌మ్యాన్ అతికించిన బొమ్మలా అయిపోతాడు.

అప్పటి మార్వెల్ కామిక్‌లో కథకి దక్కేది 17 పేజీలు. ఏడుగురు నటులు, హోస్ట్, పాటగాడు, విలన్, అతని ముఠా, పీటర్, మేరీ జేన్. ఇంతమందీ 17 పేజీల్లో తిరగాలి. అందుకే కొందరికి రెండు మాటలు దాటి దక్కలేదు. బెలూషి కథ ఇది, మిగతావాళ్లు అతని చుట్టూ హడావిడి.

దక్కనిది ఇంకోటి ఉంది, అది పేజీలు పెంచినా దక్కేది కాదు. ఆ షో ప్రాణం వ్యంగ్యం. రాజకీయ నాయకుల్ని, వార్తల్ని, టీవీ ప్రకటనల్ని, చివరికి తమ ఛానల్‌నే ఉతికి ఆరేసే బృందం అది. వాళ్లు వేసే వార్తల స్కిట్ ఆ వారం జరిగిన సంగతుల మీదే ఉంటుంది. కామిక్ రాసి, గీసి, అచ్చేసి దుకాణానికి చేరడానికి నెలలు పడుతుంది. ఈ వారం జోకు అచ్చయ్యేసరికి పాచిపోతుంది. కాబట్టి కామిక్‌లోకి రాగలిగినవి ఊతపదాలు, వేషాలు, ముఖాలు మాత్రమే. దానికి తోడు, నిజమైన మనుషుల పేర్లు, ముఖాలు వాడుకుంటే వాళ్లని దుర్మార్గులుగా చూపడం కుదరదు, చంపడం కుదరదు, గట్టిగా ఎగతాళి చేయడమూ కుదరదు. ఫలితంగా ఊరందర్నీ ఏకిపారేసే ఏడుగురూ ఇక్కడ అమాయకులైన మంచివాళ్లు, ధైర్యవంతులు. వాళ్ల నాలుక మీది కారం తీసేసి బొమ్మలు మాత్రం ఉంచారు. పొరుగింటికి వెళ్లిన అతిథిలా అందరూ మర్యాదగా ప్రవర్తిస్తారు, ఈ సంచికకి ఉన్న అసలు లోపం ఆ మర్యాదే.

అసలు మార్వెల్‌కి ఈ అవసరం ఎందుకొచ్చింది? 1970ల చివర్లో అమెరికాలో కామిక్ వ్యాపారం బాగోలేదు. పుస్తకాలు అమ్ముడయ్యేది పత్రికల బంకుల్లో, అమ్ముడుపోనివి తిరిగొచ్చేవి, కాగితం ధర పెరుగుతోంది. 1978 వేసవిలో పోటీ కంపెనీ డీసీ ఒక్కసారిగా పెద్ద సంఖ్యలో పత్రికలు ఆపేసింది. మార్వెల్‌ని అంతకు ముందేడాది ‘స్టార్ వార్స్’ సినిమా ఆధారంగా వేసిన కామిక్ బాగా ఆదుకుంది. అక్కణ్నుంచి బయటి పేర్లని అద్దెకు తెచ్చుకోవడం అలవాటుగా మారింది. గాడ్జిల్లాకి ఒక పత్రిక పెట్టారు. 1977లో రాక్ బ్యాండ్ కిస్‌తో ఒక ప్రత్యేక సంచిక వేసి, ఆ సభ్యుల రక్తం కొన్ని చుక్కలు ఇంకులో కలిపించి దానికే ప్రచారం చేసుకున్నారు. అర్ధరాత్రి కామెడీ షో చూసే కాలేజీ కుర్రాళ్లు, కామిక్స్ మానేయబోతున్న కుర్రాళ్లు దాదాపు ఒకే వయసువాళ్లు. వాళ్లని ఇంకొన్నాళ్లు నిలబెట్టుకోవడానికి ఇంతకంటే నేరుగా ఉండే దారి లేదు.

టైమింగ్ కూడా కలిసొచ్చింది. అప్పట్లో కామిక్ మీద వేసే నెల కంటే దాదాపు మూడు నెలల ముందే పుస్తకం బంకుకి వచ్చేది. అక్టోబర్ సంచిక అంటే వేసవిలోనే చేతికొస్తుంది. జులై 28న ‘యానిమల్ హౌస్’ విడుదలై బెలూషి సినిమా స్టార్ అయిపోయాడు. కాకపోతే వేసవిలో లైవ్ షో సెలవులో ఉంటుంది. టీవీ ఆన్ చేస్తే పాత ఎపిసోడ్లు, కొత్తగా దొరికేది ఈ 17 పేజీలే.

ఇందులో ఎవరూ పట్టించుకోని ఒక తిరకాసు ఉంది. సరిగ్గా అదే కాలంలో మనుషులు నటించిన స్పైడర్‌మ్యాన్ సీరియల్, ‘హల్క్’ సీరియల్ రెండూ సీబీఎస్‌లో వస్తున్నాయి. అంటే టీవీలో సీబీఎస్ మనిషైన స్పైడర్‌మ్యాన్ కాగితం మీద పోటీ ఛానల్ స్టూడియోకి వెళ్లి వాళ్ల షోని కాపాడి వచ్చాడు. హక్కుల విషయంలో ఇవాళ్టి కంపెనీలు పడే టెన్షన్ చూస్తే, అప్పట్లో పనులు ఎంత తేలిగ్గా జరిగిపోయాయో అనిపిస్తుంది.

ఇంకో చిన్న తిరకాసు అభిమానులకి మాత్రమే. ప్రధాన పత్రిక ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’లో 182వ సంచిక చివర పీటర్ మేరీ జేన్‌ని పెళ్లి చేసుకుంటావా అని అడుగుతాడు, తర్వాతి నెల ఆమె కుదరదంటుంది. అవి జులై, ఆగస్ట్ సంచికలు. అక్టోబర్‌కి ఇద్దరూ జంటగా షోకి వచ్చారు. మల్టీస్టారర్ పత్రికలో అంత లెక్క చూసుకునేవాళ్లు కాదు మరి.

ఈ కలయికలకి ముందున్న చరిత్రలో అటు టీవీ ఇల్లు, ఇటు కామిక్ ఇల్లు, ఎవరు ఎవరింటికి వెళ్లారన్నదాన్ని బట్టి నవ్వు రంగు మారుతూ వచ్చింది. 1957 జనవరిలో ‘ఐ లవ్ లూసీ’ షోకి సూపర్‌మ్యాన్ వచ్చాడు. నటుడు జార్జ్ రీవ్స్ అని కాకుండా, పిల్లల నమ్మకం చెడకుండా, సూపర్‌మ్యాన్‌గానే. కొడుకు పుట్టినరోజు కోసం తానే ఆ వేషం కట్టి కిటికీ అంచు మీద ఇరుక్కుపోయిన లూసీని కాపాడతాడు, ఇలాంటి మనిషితో పదిహేనేళ్లు కాపురం చేసిన భర్తని చూసి, సూపర్‌మ్యాన్ అని పిలవాల్సింది నన్నా అన్నట్టు మాట్లాడతాడు. అక్కడ హీరో పరువు చెక్కు చెదరలేదు, నవ్వంతా లూసీ మీదే. డీసీ మరో పక్క బాబ్ హోప్, జెర్రీ లూయిస్ లాంటి హాస్యనటుల పేరు మీదే ఏళ్లతరబడి కామిక్స్ నడిపింది. బ్యాట్‌మ్యాన్ టీవీ సీరియల్ ఊపేస్తున్న 1966లో జెర్రీ లూయిస్ పత్రిక 97వ సంచికలోకి బ్యాట్‌మ్యాన్, రాబిన్ వచ్చారు. తర్వాత సూపర్‌మ్యాన్, ఫ్లాష్, వండర్ ఉమన్ కూడా వరసకట్టారు. అవి హాస్య పత్రికలు కాబట్టి అక్కడ హీరోలు ఎంత తింగరి పనులు చేసినా వాళ్ల సొంత కథల్లో లెక్కకి రాదు.

మార్వెల్ పద్ధతి అలా కాదు. మార్వెల్ కథలు జరిగేది మెట్రోపాలిస్, గోథమ్ లాంటి ఊహాపట్టణాల్లో కాదు, అసలు న్యూయార్క్‌లో. స్పైడర్‌మ్యాన్ ఊగుతూ వెళ్లే దారిలోనే రాక్‌ఫెల్లర్ భవనం ఉంది. 1963లోనే ‘ఫెంటాస్టిక్ ఫోర్’ పదో సంచికలో స్టాన్ లీ, జాక్ కిర్బీ తమ కథలోకి తామే వచ్చారు. 1965లో బీటిల్స్ ఒక కథలో మెరిశారు. అంచేత ఈ షోకి వెళ్లడం కోసం కలనో మాయలోకాన్నో అడ్డం పెట్టుకోవాల్సిన పని లేకపోయింది, టికెట్ తెచ్చుకుంటే చాలు. స్టాన్ లీ ఆ షోకి నిజ జీవితంలో ఎన్నడూ హోస్ట్ కాలేదు. కామిక్‌లో మాత్రం ఆ ముచ్చట తీర్చుకున్నాడు.

ఏడాది తిరక్కుండానే అటువైపు నుంచి జవాబు వచ్చింది. 1979 మార్చి 17న ‘సూపర్‌మ్యాన్’ సినిమాలో లోయిస్ లేన్‌గా నటించిన మార్గో కిడర్ షోకి హోస్ట్. సూపర్‌మ్యాన్ దంపతులు ఇంట్లో పార్టీ ఇస్తారు. బిల్ మరే సూపర్‌మ్యాన్, బెలూషి హల్క్, ఐక్రాయిడ్ ఫ్లాష్. వేర్వేరు కంపెనీల హీరోలు ఒకే గదిలో, టీవీ కాబట్టి ఎవరూ అడ్డం రాలేదు. ఆ మూలన గారెట్ మోరిస్ యాంట్-మ్యాన్ వేషంలో నిలబడి ఉంటాడు. చీమంత అయిపోతాను, కానీ మనిషికుండే బలం అలాగే ఉంటుంది అని చెప్పుకుంటే, హల్క్, ఫ్లాష్ పొట్ట పట్టుకుని నవ్వుతారు. మనిషికుండే బలం మనిషికి ఉండటంలో గొప్పేముంది?

కామిక్ వేసిన ఏ జోకు కంటే ఇది పదునైంది. హీరోల ప్రపంచంలోని డాబుని ఒక్క మాటతో దించింది. కామిక్ వాళ్లు అతిథుల్ని పిలిచి గౌరవించారు, వీళ్లు ఎవరినీ పిలవకుండా వేషాలు కట్టి ఎగతాళి చేశారు. స్వేచ్ఛ రెండోవాళ్లకే ఎక్కువ. 2015లో ‘యాంట్-మ్యాన్’ సినిమా తీసినప్పుడు మార్వెల్ వాళ్లు గారెట్ మోరిస్‌ని ఒక్క క్షణం కనిపించే పాత్రకి పిలిచారు. వెక్కిరించిన మనిషికే పిలుపు రావడం బాగుంది.

ఈ పాఠాన్ని మార్వెల్ 1984 నాటికి ఎంతో కొంత ఒంటబట్టించుకుంది. జనవరి నెల ‘అవెంజర్స్’ 239వ సంచికలో రోజర్ స్టెర్న్, అల్ మిల్‌గ్రమ్ తమ హీరోల్ని డేవిడ్ లెటర్‌మ్యాన్ టాక్ షోకి తీసుకెళ్లారు. మళ్లీ ఎన్‌బీసీ, మళ్లీ అదే భవనం. తేడా ఏమిటంటే వెళ్లింది థోర్, ఐరన్ మ్యాన్ లాంటి పెద్ద తలకాయలు కాదు. నటుడిగా అవకాశాలు వెతుక్కుంటూ పదిమందిలో కనబడాలని తహతహలాడే వండర్ మ్యాన్, అతని మిత్రుడు బీస్ట్, హాకై లాంటి వాళ్లు. విలన్ కూడా పేరు కోసం పాకులాడే ఫేబియన్ స్టాంకోవిచ్ అనే మెకానిక్. సినిమా రిలీజుకి ముందు టీవీ షోల చుట్టూ తిరిగే నటుల్ని చూసేవాళ్లకి ఈ కథలో ఇబ్బంది ఎక్కడుందో వెంటనే తెలిసిపోతుంది. సోఫాలో కూర్చున్న హీరోలకి చెప్పడానికేమీ లేదు. చివరికి విలన్‌ని పడగొట్టేది కూడా వాళ్లు కాదు, ఒక పెద్ద డోర్‌నాబ్ తీసుకుని లెటర్‌మ్యానే కొడతాడు. ఆతిథ్యం ఇచ్చినవాడు మర్యాదగానే ఉన్నాడు, నవ్వులపాలైంది మాత్రం వచ్చిన హీరోలు. ఆ విషయంలో ఇది 74వ సంచిక కంటే ఒక మెట్టు పైనే. పిచ్చి సరదా మాత్రం పాతదానిలోనే ఎక్కువ.

నిజమైన మనుషుల్ని కథలోకి తెస్తే వచ్చే పెద్ద చిక్కు కాలం. పీటర్ పార్కర్‌కి వయసు పెద్దగా పెరగదు. బెలూషి 1982 మార్చిలో, 33 ఏళ్లకే చనిపోయాడు. గిల్డా రాడ్నర్ 1989లో పోయింది. ఇవాళ్టి కథల్లో పీటర్ కుర్రాడైతే, బెలూషి బతికున్న రాత్రి షోకి అతను వెళ్లి ఉండటం కుదరదు. మార్వెల్ దీనికి సమాధానం చెప్పదు, పాఠకులు అడగరు. కానీ ఆ రాత్రి గురించిన ఒక గుర్తు మాత్రం కథల్లో మిగిలిపోయింది. మనుషుల్ని మాయం చేసే ఆ ఉంగరం తర్వాతి కథల్లో సిల్వర్ సమురాయ్ దగ్గర కనిపిస్తూనే వచ్చింది, ఎక్స్-మెన్ చుట్టూ తిరిగే సీరియస్ కథల్లో కూడా. ఒక హాస్యనటుడి వేలికి ఇరుక్కున్న వస్తువు అది అని గుర్తుపెట్టుకుని చదివితే ఆ సీరియస్ ఫైట్లకి ఇంకో రుచి వస్తుంది.

పుస్తకం దొరకడం మాత్రం అంత తేలిక కాలేదు. పాత కామిక్స్‌ని నలుపు తెలుపులో లావుపాటి సంపుటాలుగా చౌకగా వేసిన ‘ఎసెన్షియల్’ వరసలో ఈ పత్రిక మూడో సంపుటం 73వ సంచిక తర్వాత నేరుగా 75కి వెళ్లిపోతుంది. అద్దె హీరో రెడ్ సోంజాతో స్పైడర్‌మ్యాన్ కలిసిన 79వ సంచికదీ తర్వాతి సంపుటంలో అదే గతి. పరాయి పేర్లు వాడుకున్న పుస్తకాన్ని మళ్లీ అచ్చేయాలంటే మళ్లీ ఒప్పందాలు కావాలి, ఒక్క సంచిక కోసం అంత తిప్పలు పడటం కంటే వదిలేయడమే చవక. దాంతో ఆ సంపుటాలతో కథ మొదలుపెట్టినవాళ్లు బెలూషి కత్తి తిప్పిన పేజీలు చూడాలంటే పాత పుస్తకాల దుకాణాల్లో 35 సెంట్ల అసలు ప్రతిని వెతుక్కోవాల్సి వచ్చింది.